వెలిగించని ఊక పొయ్యి

నాన్నా,

నీ అమ్మాయి వందనాలు. నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి పదకొండు నెలలైంది. బొబ్బిలిలో మళ్ళీ మంచు పడుతోంది. తెల్లవారుజామున ప్రార్థనకు లేస్తే కాళ్ళ కింద నేల జిల్లుమంటోంది.

నీకు ఒక మాట ఒప్పుకోవాలి. ఇన్నాళ్ళూ నోరు రాలేదు...

మా చిన్నప్పుడు చలికాలమంటే నీ ఊక పొయ్యే కదా. మిల్లులో పని అయ్యాక నెత్తిన ఊక మూటతో వచ్చేవాడివి. రేకు డబ్బా మధ్యలో ఖాళీ సీసా నిలబెట్టి, చుట్టూ ఊక కూరి, సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగి, మిగిలిన ఖాళీలో నిప్పు వేసేవాడివి. అమ్మను కూడా ముట్టుకోనిచ్చేవాడివి కాదు. "వదులుగా కూరితే కూలిపోతాది, ఇల్లంతా పొగే" అనేవాడివి. నేను మరీ దగ్గరికి జరిగితే, "ఒసే, పొయ్యిలో దూరిపోతావేటే! సేతులు మాత్రం ఎట్టు" అని నవ్వేవాడివి. నీ అరచేతులు కాచుకుని నాకూ తమ్ముడికీ చెవులకు అద్దేవాడివి.

పోయిన చలికాలం నీకు ఊపిరి అందక ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టాం. ఆ గదిలో అగ్గిపుల్ల కూడా గీయకూడదన్నారు డాక్టరు. నువ్వేమో రోజూ అదే అడిగావు. "ఊక పొయ్యి ఎలిగించవే, సలేస్తన్నాది." దుప్పట్లు కప్పాను. కాళ్ళ దగ్గర వేడినీళ్ళ సీసాలు పెట్టాను. నీకు అవేవీ ఆనలేదు.

నువ్వు వెళ్ళే ముందు రోజు సాయంత్రం అబద్ధం చెప్పాను. వెలిగించాను నాన్నా, మంచం పక్కనే ఉంది అన్నాను. చూపు ఆనని నీ కళ్ళు అటు తిరిగాయి. రెండు చేతులూ చాపావు. తిప్పి తిప్పి కాచుకున్నావు. "సలి తగ్గిందే. నువ్వూ రాయే, కాసుకో" అన్నావు. నీ పక్కన కూర్చుని, ఉత్త నేల మీదకి నేనూ చేతులు చాపాను.

నిజంగా నమ్మావా నాన్నా? ఊక కాలితే వచ్చే వాసన తెలియని మనిషివా నువ్వు? లేక నేను ఏడుస్తానని నమ్మినట్టు ఉన్నావా...

ఆదివారం మందిరంలో పాపాలు ఒప్పుకునేటప్పుడు అన్నీ చెప్పుకుంటాను. ఇది మాత్రం గొంతు దాటదు. తప్పని తెలుసు. కానీ నువ్వు మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెబుతానేమో... అదే నా భయం.

అందుకే ముందు నీకు చెబుతున్నాను. ఆ సాయంత్రం గదిలో పొయ్యి లేదు నాన్నా.

ఈ ఆదివారం ప్రభువుకూ చెబుతాను. నువ్వు ఆయన దగ్గరే ఉంటావు కదా... నా తరఫున ఒక్క మాట సాయం చెయ్యి.

నీ అమ్మాయి