జిమ్మి మీద కర్ర ఎత్తకండి

ఏమండీ,

చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయట, మొదటి బస్సుకే పర్చూరు వెళ్తున్నాను. అన్నం, పప్పుచారు వండి పెట్టాను. మబ్బు పడితే కల్లంలో మిరపకాయలు కుప్పచేసి పట్టా కప్పండి.

కుక్కపిల్ల కాయల మీదికి పోతే కర్ర తీయకండి. "జిమ్మీ, ఇటు రా" అని పిలవండి. వస్తే మెచ్చుకుని రొట్టెముక్క పెట్టండి. ఆలస్యంగా వచ్చినా సరే, వచ్చాక కొట్టారంటే ఇంకోసారి రాదు.

నిన్న మీరు ముద్ద పెడితే మొహం తిప్పుకుందని, దానికి పొగరని రెండు తగిలించారు. పొద్దుటినుంచీ మిరపకాయలు తిరగేసిన చెయ్యి అది, దాని ముక్కు మండదూ? సబ్బుతో కడుక్కుని పెట్టండి.

ముద్దు చేస్తే కుక్క చెడిపోతుందని నాకు చెప్తారుగా. కొట్టాక, నేను నీళ్ళకెళ్ళాననుకుని దాన్ని ఒళ్ళో పెట్టుకుని "నా బంగారుతల్లీ, నా బుజ్జితల్లీ" అన్నారు. నేను దడి వెనకే ఉన్నాను. కాపురానికొచ్చి ఇన్నేళ్ళయినా మీకు అంత మెత్తటి గొంతుందని నాకు తెలీదు.

సుగుణ

నేనొచ్చాక మానెయ్యకండి. సిగ్గయితే చెప్పండి, దడి వెనకే ఉంటాను.