పన్నెండో పేరు

మార్చి 3, సోమవారం

దివాలా పిటిషన్ ఫారం ముప్పై ఒక్క పేజీలు. దివాలా తీసినవాళ్లకు ఇంత ఓపిక మిగిలి ఉంటుందని ఎవరనుకున్నారో! నాలుగో పేజీలో వంటసామాను లెక్క అడిగారు. గిన్నెలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మూతల్లేనివి కూడా రాయాలా అని లాయరుకు ఫోన్ చేస్తే, సుమారుగా రాయండమ్మా చాలు అన్నాడు.

మార్చి 4

నా భయాలన్నీ లాయరు ముందు కుమ్మరించాను. పేపర్లో పేరు పడుతుందా? పడొచ్చట, ఎవరూ చదవరట. అద్దెయింట్లోంచి గెంటేస్తారా? అద్దె కడుతున్నంతకాలం గెంటరట. కుట్టుమిషను? బతుకుతెరువు కాబట్టి ఒకటి ఉంచుతారట. జైలు? నవ్వాడు. ఒళ్లు మండింది. ఆ ఒక్క మాట అడగడానికి నాకు మూడు వారాలు పట్టింది.

నేను చేసిన తప్పేమిటి? ఒక బడివాళ్లు రెండు వేల యూనిఫారాలు కుట్టమన్నారు. అప్పుచేసి గుడ్డ కొన్నాను, కుట్టాను, ఇచ్చాను. బిల్లు అడిగేసరికి బడి యజమాని తన కంపెనీ దివాలా తీసిందన్నాడు. కారు మాత్రం భార్య పేరు మీద ఉందట. ఆయనదైతే వ్యాపారంలో ఒడిదుడుకు, నాదైతే ఎగవేత!

మార్చి 5, ఉదయం 8:10

బ్యాంకు తరఫున వసూళ్లకు ఫోన్ చేసేవాడికి కొత్తల్లుడు అని పేరు పెట్టాను. వేళ తప్పని పలకరింపు, ఎంత మర్యాద చేసినా అలక. ఇవాళ సిగ్గుందా అని అడిగాడు. ఉంది కాబట్టే ఫోన్ ఎత్తుతున్నానన్నాను.

మధ్యాహ్నం 12:30

మళ్లీ కొత్తల్లుడు.

మార్చి 10

ఫారం నింపి తీసుకెళ్లాను. అప్పిచ్చినవాళ్లు పదకొండు మంది. లాయరు చదువుతూ బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గర ఆగాడు. జనవరిలో రెండు మిషన్లు అమ్మిన డబ్బు ఏమైందన్నాడు. తాకట్టులో ఉన్న అక్క గొలుసు విడిపించి అక్కకు ఇచ్చేశానన్నాను. గర్వంగానే చెప్పాను. యూనిఫారాల గుడ్డ కోసం మెడలోంచి తీసి నా చేతిలో పెట్టిన గొలుసు అది.

అతను పెన్ను కింద పెట్టాడు. మీ అక్క కూడా అప్పిచ్చిన మనిషే కదా, లిస్టులో ఆమె పేరేదన్నాడు. అక్క అందులోకి ఎలా వస్తుందండీ, అక్క అక్క! అలా కుదరదట. అందరికీ చేతులెత్తేసే ముందు సొంతవాళ్లకు ఇచ్చుకోకూడదట. కోర్టు వేసే అధికారి గొలుసు వెనక్కి అడుగుతాడట. దాచామో, పిటిషనే కొట్టేస్తారట.

ఇంటికి నడిచొచ్చాను. ఈ ఏడాదంతా చేసిన ఒకే ఒక్క మంచిపని తప్పట! కారున్నవాడు దర్జాగా తిరుగుతున్నాడు. అక్క మెడ బోసిగా చూడలేకపోయిన నేను మోసగత్తెను.

మార్చి 11

అక్కకు చెప్పలేదు.

మార్చి 12

చెప్పలేదు.

మార్చి 14

చెప్పాను. ఎవరైనా అడిగితే గొలుసు పోయిందని చెప్పమని కూడా నేర్పాను. అవును, నేనే. అక్క చెడామడా తిట్టింది. చిన్నప్పుడు నా లెక్కల పేపరు మీద నాన్న సంతకం పెట్టింది తనేనని, ఆ ఒక్క దొంగసంతకం ఈ జన్మకు చాలని అంది. గొలుసు తీసి మిషను మీద పెట్టింది. తన పేరు లిస్టులో రాయమంది, ఇంటిపేరుతో సహా. ఏడుస్తూనే రాశాను. ఎవరి మీదో తెలియని కోపం.

మార్చి 31

పిటిషన్ వేశాక కోర్టు పెట్టిన అధికారి గొలుసు తూకం వేయించి రసీదిచ్చాడు. అందరితో పాటే అక్కకూ వాటా వస్తుందట, వందకు ఏడు రూపాయల వంతున. అక్క థాంక్స్ చెప్పింది. నేను చెప్పలేదు.

ఏప్రిల్ 22

అప్పిచ్చినవాళ్ల మీటింగు. పన్నెండు కుర్చీలు వేశారు. రోజుకు మూడుసార్లు నా సిగ్గు గురించి వాకబు చేసిన కొత్తల్లుడు రాలేదు. మిగతావాళ్లు కాగితాలు పంపి ఊరుకున్నారు. వచ్చింది ఒక్క మనిషి. మొదటి వరసలో, ఏప్రిల్ ఎండలోనూ పాత బూడిదరంగు కోటులో, బోసి మెడతో కూర్చుంది.

అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని అధికారి అడిగాడు. ఉన్నాయంది అక్క. ఈ కోటు చేతుల పొడవు తగ్గించమని రెండేళ్లుగా మొత్తుకుంటున్నానని, చెల్లెలు ఊరందరివీ కుట్టింది గాని తనది ముట్టలేదని చెప్పింది. అధికారి అది కూడా రాసుకున్నాడు.

ఏప్రిల్ 24

చేతులు తగ్గించి కోటు ఇచ్చేశాను. కూలి వద్దంటే అక్క వినలేదు. అధికారికిచ్చే లెక్కలో, ఆదాయం కాలమ్‌లో రాశాను.