కుళాయి చప్పుడు

నా గడుసు ఆడపడుచుకి,

కోపంగా మొదలుపెడదామనుకున్నాను. నీ ముఖం గుర్తొచ్చి చేతకాలేదు.

మన ఆట ఫలితం మీ అన్నయ్య చదివి వినిపించారు. చివరి నుంచి వెతికితే తొందరగానే దొరికాం. రెండు రోజుల్లో కంప్యూటర్ ఆట తయారుచెయ్యాలనే పోటీకి, అంతకుముందు ఒక్కటీ చెయ్యని ఇద్దరం వెళ్ళాం. దానికి నాకేం బాధ లేదు. అత్తయ్య కళ్ళజోడు తలమీదే పెట్టుకుని ఇల్లంతా వెతకడాన్ని ఆటగా చేద్దామన్నప్పుడు ఎంత నవ్వుకున్నాం! దుకాణంలో కుట్టాల్సిన బట్టలు పక్కనపెట్టి గదులన్నీ నేనే గీశాను.

నా బాధ వేరు. వంటగదిలో నేను గీసిన కుళాయి గుర్తుందా? అత్తయ్య దాన్ని కట్టేయడానికి వంగితే కళ్ళజోడు జారి ముక్కుమీద పడుతుంది, ఆట అక్కడితో అయిపోతుంది. ఆఖరి రోజు నువ్వు ఆ కుళాయి తీసేసి, తలమీద నొక్కితే కళ్ళజోడు దొరికేలా మార్చి, పైన సమయం లెక్కపెట్టే గడియారం ఒకటి పెట్టావు. కుళాయి ఎవరు చూస్తారు వదినా, ఆటన్నాక పరుగుండాలి అన్నావు. నేను "నీ ఇష్టం" అన్నాను. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, అందులోనూ కంప్యూటరు తెలిసిన ఆడబిడ్డ, ఇక నాకు నోరేం లేస్తుంది? కానీ నాకది ఇష్టం కాలేదు. గీసినవాటన్నిట్లో ఆ ఒక్క బొమ్మే బాగా వచ్చిందని నాకు తెలుసు. చాలా నొచ్చుకున్నాను.

వచ్చే పోటీకి మీ ఆఫీసువాళ్ళు నిన్ను పిలిచారట. సంతోషంగా వెళ్ళు. నేనిక బొమ్మలు గీయను. నా కత్తెర, నా మిషను నాకు చాలు. అత్తయ్య నీ దగ్గర ఉన్నన్నాళ్ళూ కాఫీలో చక్కెర తగ్గించు.

అలిగినా నీదాన్నే,
వదిన

---

నా అలకల వదినా,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. తర్వాత మన ఆట తెచ్చి అమ్మ ముందు పెట్టాను. ఎలా ఆడాలో చెప్పలేదు. అమ్మ కళ్ళు చిట్లించుకుని తెరమీదకి వంగింది. కళ్ళజోడు సంగతే పట్టించుకోకుండా ఆటలోని వంటగదిలో గిన్నెలన్నీ నొక్కుతూ కూర్చుంది. ఏం వెతుకుతున్నావమ్మా అని అడిగాను.

"ఎక్కడో కుళాయి కారుతోందే. నీళ్ళు అలా పోతుంటే కళ్ళజోడు ఎవడిక్కావాలి?" అంది.

నాలుక కరుచుకున్నాను. కుళాయి బొమ్మ తీశాను గానీ, మీ వంటింట్లో నువ్వు రికార్డు చేసి పంపిన ఆ టప్ టప్ చప్పుడు తియ్యడం మర్చిపోయాను! అమ్మ నిద్ర చెడుతుందని మొదటి నుంచీ శబ్దం ఆపేసుకుని పనిచేశాను కదా, ఒక్కసారీ వినలేదు. ఈసారి ఆడేది అమ్మే కదా అని శబ్దం పెట్టాను. పోటీలో మన ఆట ఆడినవాళ్ళు రాసిన అభిప్రాయాలు మళ్ళీ తీసి చదివాను. నీళ్ళ చప్పుడు ఎక్కణ్ణుంచో తెలియక ఆట వదిలేశామని ఎంతమంది రాశారో! నేనేమో వాళ్ళకి ఆడటం రాదనుకున్నాను. ఎవరూ చూడరని నేనన్న నీ కుళాయినే వదినా, అందరూ వెతికింది. మనం చేసింది మనకి తెలుసు, ఆడేవాళ్ళకి తెలియదు. ముందే ఎవరికైనా ఇచ్చి, వెనకాల నోరుమూసుకుని నిలబడి చూడాల్సింది. ఆ బుద్ధి ఇప్పుడొచ్చింది.

గడియారం పీకేశాను. నీ కుళాయి మళ్ళీ పెట్టాను. అమ్మ దాన్ని కట్టేసింది. చప్పుడు ఆగింది, బొమ్మలో కళ్ళజోడు జారి ముక్కుమీద పడింది. అమ్మ పకపకా నవ్వి, ఉన్నట్టుండి ఆగి, తన తల తడుముకుంది. కళ్ళజోడు అక్కడే ఉంది.

ఆఫీసువాళ్ళు పిలిచిన మాట నిజమే. మా వదిన లేకుండా రానని అప్పుడే చెప్పేశాను. ఆ మాట నీతో చెప్పకపోవడం నా తప్పే. వచ్చే పోటీకి పేర్లు ఇచ్చేశాను, ముందు నీది, తర్వాత నాది. ఈసారి నేనేదైనా తీసేస్తానంటే "నీ ఇష్టం" అనకు, చెవి మెలిపెట్టు. అన్నయ్యని మాత్రం మీ వంటింట్లో కారే ఆ కుళాయి బాగుచెయ్యనివ్వకు, దాంతో మనకింకా పనుంది.

నీ అర్ధమొగుడు