నావి కాని సైటేషన్లు

బుధవారం, మడివాళ

నా పేరే ఉన్న ఒక పశువైద్యుడి పేపర్లన్నీ పరిశోధనల లెక్కలు చూపే వెబ్‌సైట్ నా ఖాతాలో కలిపేసింది. నేను రాసేది నక్షత్రాల గురించి, ఆయన రాసేది గేదెల పొదుగువాపు గురించి. పోయిన వారం వాటిని తీసేయించాను. నా సైటేషన్లు, అంటే ఇతరులు తమ పేపర్లలో నా పేపర్లను పేర్కొన్న లెక్క, సగానికి సగం పడిపోయాయి.

ఈరోజు మా ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ గారు పిలిచారు. "ఎందుకప్పా తీసేస్తివి? ప్రమోషన్ ఇంటర్వ్యూ అయినాక తీసింటే ఏం పోతుండె?"

"అవి నావి కావు సార్."

"పేపర్లు ఎవరు చదువుతారప్పా, నంబరు చూస్తారు గానీ."

ఏళ్ల తరబడి ఒకే జంట నక్షత్రాల వెంటపడి రాశాను. అందులో ఏముందని ఆయన ఒక్కసారీ అడగలేదు. విసుగొచ్చి నేనే అడిగేశాను, "మీరు చదివారా సార్?"

ఆయన కాఫీ తెప్పించారు.

సోమవారం ఇంటర్వ్యూకి ఉన్న నంబరుతోనే వెళ్తాను. కమిటీలో ఒక్కరైనా చదివి వస్తే బాగుండు...