రైలుకి పోయినాడు

బత్తలపల్లె,
శ్రావణమాసం, ఆదివారం

ప్రియమైన మామకు,

నువ్వు బాగున్నావని తలుస్తాను. ఇక్కడ నేనూ అత్తా బాగున్నాం. వారం వారం నువ్వు ఫోన్ చేస్తావు గానీ, అత్త స్పీకర్ పెట్టి ఒళ్లో పెట్టుకుంటుంది. రాని వాన, శనక్కాయ చేను, ఈనిన మేక, అన్నీ ఆమే చెప్పేస్తుంది. నా వంతు వచ్చేసరికి నువ్వు "బాగుండావా" అంటావు, నేను "ఊ" అంటాను. అంతటితో అయిపోతుంది. అందుకే ఈ జాబు. ఓబిలేషన్న తన టమోటా లారీలో బెంగళూరు తీసుకొచ్చి, అక్కడి మార్కెట్లో పనిచేసే, నీ గదిలోనే ఉండే సోమప్ప చేతికి ఇస్తానన్నాడు. నాది ఐదో తరగతి చదువు. తప్పులుంటే నవ్వకు.

నువ్వు పెట్టిన ఖోఖో సంఘానికి మంచి రోజులు వచ్చేట్టున్నాయి. మల్లీశ్వరి టీచరు పెద్దగా ఉండి నడుపుతోంది. సాయంత్రం ఆడపిల్లలను పరిగెత్తించేది మాత్రం నేనే. దసరాకు ఇక్కడే పోటీలు పెడతారట. మన ఆట గురించి పదిమందికీ తెలియాలని, ప్రచారం చేసే చదువు చదివే పిల్లలు ఇద్దరు అనంతపురం నుంచి వస్తున్నారు. అబ్బాయి వంశీ, అమ్మాయి హేమ. ఆ అమ్మాయిది కాకినాడ వైపు. పోస్టర్లు వేస్తారు, వీడియోలు తీసి అందరి ఫోన్లకూ పంపుతారు.

నిన్న నన్ను కూర్చోబెట్టి మాట్లాడించారు. నా సంగతి నీకు తెలుసు కదా. కొంగు కొస నలుపుతూ నేలను చూస్తూ చెప్పాను.

"ఈ సంఘం ఎవరు పెట్టారక్కా?" అంది హేమ.

"మా ఆయప్ప."

"అయితే ఆయనతో కూడా మాట్లాడిద్దామా?"

"ఇప్పుడు లేడు. పోయినాడు."

"అయ్యో! ఎప్పుడక్కా?"

"ఉగాది అయినంక."

"ఎలా?"

"ధర్మవరంలో. రైలుకి."

మామా, ఆ పిల్ల గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు. ఫోన్లో వీడియో తీస్తున్న వంశీ తల దించేశాడు. మొగుడు పనికి ఊరు పోతే ఇంత బాధపడే మనుషులు ఉంటారా అని నాకే ఆశ్చర్యం. మన ఊళ్లో ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు. నాకూ ఏడుపు వచ్చేసింది. తర్వాత నీ ఫోటో అడిగారు. ఆటలో స్తంభం పట్టుకుని గిర్రున తిరుగుతుంటావే, అది ఇచ్చాను.

పీర్ల పండక్కు వస్తానని రాలేదు. దసరాకైనా రా. పిల్లలంతా అడుగుతున్నారు. పిల్లలే కాదు.

నీ భార్య,
పుష్పావతి


బెంగళూరు,
బుధవారం

ప్రియమైన పుష్పకు,

నీ జాబు అందింది. దాని వెనకాలే వీడియో కూడా వచ్చింది, సోమప్ప ఫోన్లో చూశాను. నా ఫోటోకు పూలదండ వేశారు. ఏడుపు సంగీతం పెట్టారు. "రైలు ప్రమాదం భర్తను తీసుకుపోయింది. ఆయన ఆటను ఆమె ఆపలేదు" అని రాశారు. ఆ తర్వాత నువ్వు తల వంచుకుని ఏడవడం.

ఇక్కడ మన వాళ్లు ఒకటే నవ్వు. "ఏమప్పా తిప్పేషా, నీ దినాలకు మమ్మల్ని పిల్చనే లేదే!" అని ఒకడు. "దయ్యానికి గూడా సంగటి పెట్టల్లా?" అని ఇంకొకడు. నేనూ నవ్వాను. నీ జాబు ఇంకోసారి చదివితే అర్థమైంది. మన వైపు పోయినాడంటే ఊరికి పోయినాడని. ఆ పిల్ల వైపు పోయాడంటే ఇక రాడని.

వాళ్లను ఏమీ అనొద్దు. దిద్దమని అడగనూ వద్దు. ఆ వీడియో చూసి నాలుగు ఊళ్ల వాళ్లు సంఘం వైపు తిరుగుతారంటే, అది అట్లాగే ఉండనీ. దసరాకు రావడం కుదరదు. ఇక్కడ పని వదలడానికి లేదు. అమ్మను చూసుకో.

నీ
తిప్పేష్


బత్తలపల్లె,
భాద్రపదం, వినాయకచవితి మరునాడు

మామా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. కోపంగా ఉంది. బతికున్న మనిషికి దండ వేస్తే ఉండనీ అంటావా? అది కట్టుకున్న భార్యకు చెప్పే మాటేనా?

పక్క ఊళ్ల నుంచి జనం పలకరించడానికి వచ్చారు. నా బొట్టూ గాజులూ చూసి నోళ్లు నొక్కుకున్నారు. అప్పుడు తెలిసింది అత్తకు. కొడవలి చేతిలోనే పట్టుకుని మైదానానికి పోయింది. "నా కొడుకు కొండలాగుండంగా దండేస్తారా? మీ నోట్లో మన్ను పడ!" అని ఆ పిల్లలను తరుముకుంది. హేమ పారిపోలేదు. అత్త కాళ్ల దగ్గర కూలబడి, "మా ఊళ్లో ఆ మాటకు అదే అర్థం అవ్వా" అని వెక్కి వెక్కి ఏడ్చింది. అత్త కాసేపు చూసి, "లెయ్యి, మట్టైతాది బట్టలకు" అంది. అంతటితో సరి.

ఆ వీడియో తీసేశారు. నేను ఇంకో వీడియోలో మాట్లాడాను. ఈసారి తల ఎత్తాను. "మా ఆయప్ప బతికుండాడు. బెంగళూరులో పని చేస్తాండాడు. దసరాకు వస్తాడు, ఈడనే మీ ముందర పరిగెత్తుతాడు" అన్నాను. అంత పొడుగు మాట నేను ఎప్పుడూ మాట్లాడలేదు. మల్లీశ్వరి టీచరు చప్పట్లు కొట్టింది. ఆ మాటే పెద్ద అక్షరాలతో కొత్త పోస్టర్ మీద వేశారు, కొత్తచెరువు దాకా గోడలకు అంటించారు.

మామా, ఇప్పుడు నువ్వు రాకపోతే నా మాట పోతుంది. అదొక్కటే అయితే భరిస్తాను. రానంటున్నావు, ఫోటో అడిగితే పంపవు, నువ్వు లేవంటే ఉండనీ అంటున్నావు. అడగడానికి సిగ్గుగా ఉంది. అక్కడ నీకు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఉందని రాసెయ్. తెలియక చూసే ఎదురుచూపు కన్నా అదే మేలు.

పుష్పావతి


బెంగళూరు

పుష్పా,

ఎవరూ లేరు. నేనే సగం లేను.

పీర్ల పండక్కు ముందు స్లాబు కింద కట్టిన సెంట్రింగ్ చెక్కలు ఊడి నా కుడికాలి మీద పడ్డాయి. పెద్దాసుపత్రిలో మోకాలి కింద తీసేశారు. ఫోన్లో గొంతు ఒకటే వినపడుతుంది కదా, అందుకని ఎవరికీ తెలియలేదు. సోమప్ప చేతా, ఇక్కడి మన వాళ్ల చేతా ఒట్టు వేయించుకున్నాను. ఇప్పుడు కట్టే ఇంటి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటున్నాను.

ఆ దండ వేసిన వీడియో చూసి నేను ఎందుకు నవ్వానో తెలుసా? ఫోటోలో తిరిగే ఆ మనిషి నిజంగానే పోయినాడు. ఆ కాకినాడ పిల్ల ఒక్కటే సరిగా రాసింది అనుకున్నాను. ఊరంతా నన్ను అట్లా గుర్తు పెట్టుకుంటే చాలనిపించింది. నువ్వేమో తల ఎత్తి, పరిగెత్తుతాడని చెప్పేశావు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. నువ్వు అంత గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. అంత మాట అన్నదాని ముందర కర్ర పట్టుకుని నిలబడలేను.

అమ్మకు చెప్పొద్దు. నువ్వు ఇక్కడికి రావొద్దు. వచ్చినా కనపడను.

తిప్పేష్


బెంగళూరు,
నీ తలుపు ముందర

ప్రియమైన మామకు,

ఇది ఎవరి చేతికీ ఇవ్వను. నీ గది గడప మీద కూర్చుని రాస్తున్నాను. ఓబిలేషన్న లారీలో టమోటా బాక్సుల పక్కన కూర్చుని వచ్చాను. సోమప్ప ఇక్కడిదాకా తెచ్చి, "తిప్పేష్ లేడమ్మా, యాడికో బయటికి పోయినాడు" అన్నాడు. అంటూ ఆకాశం చూశాడు. వాడికి అబద్ధం చెప్పడం రాదు. తలుపు ముందర ఒక్క చెప్పే ఉంది, ఎడమకాలిది. దాని పక్కనే కూర్చున్నాను.

నువ్వు లోపలే ఉన్నావు. ఊపిరి వినపడుతోంది. నేను పిలిచినప్పుడు అది ఆగింది కూడా.

అత్తకు చెప్పేశాను. నీ మాట వినలేదు. ఆమె లేచి బయటికి పోయింది. మేకకు నీళ్లు పెట్టి వచ్చింది. "వాడు చిన్నప్పుడు గూడా దెబ్బ తగిలితే గాదె ఎనకాల దాంకునేటోడు. పో, తోలుకొని రా" అంది. ఆ మాట అని పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

పోటీలు ఈరోజే. మల్లీశ్వరి టీచరు చూసుకుంటుంది. హేమకు నిజం చెప్పాను. ఈసారి ఏమీ రాయలేదు, ఫోన్ తీయలేదు. మొన్న రాత్రంతా తిరిగి గోడల మీది కాగితాలన్నీ తడిపి పీకేశారు ఆ ఇద్దరూ. చూడటానికి వచ్చిన వాళ్లు నీ గురించి అడుగుతారు. అడగనీ. నా మాట పోతే పోయింది.

కాలు పోయినందుకు నేను ఏడుస్తాను, ఎంత వద్దన్నా ఏడుస్తాను. దానికి కోపం లేదు. ఆసుపత్రిలో నీకు నొప్పి పుట్టినప్పుడు సోమప్ప చెయ్యి పట్టుకున్నావట. నేను అదే ఆదివారం ఫోన్లో "ఊ" అని పెట్టేశాను. ఆ ఒక్కటి ఎట్లా మరిచిపోవాలో తెలియడం లేదు.

నా ముందర నిలబడలేనన్నావు. ఎవరు నిలబడమన్నారు నిన్ను? కూర్చో. నేనూ కూర్చునే ఉన్నాను.

తలుపు తీయడానికి మనసు రాకపోతే తీయొద్దు. ఈ కాగితం తలుపు కింద సందులోంచి సగం దాకా తోస్తున్నాను. నువ్వు ఆ కొస పట్టుకో. ఈ కొస నేను వదలను.

పుష్ప