మూల గళ్లు

జూన్ 3
శుక్రవారం డీఎన్‌ఏలు పోల్చే పాత ప్రోగ్రామ్‌ను ఆపేస్తున్నాం. ఇరవై రెండేళ్ల కింద నేనూ అక్కా కలిసి రాసింది. ల్యాబ్‌లో ఒకటే కంప్యూటర్, ఒకటే కుర్చీ. పెద్దదాన్నంటూ కుర్చీ ఎప్పుడూ తనే లాక్కునేది. ముందు గ్రాఫ్ కాగితం మీద చేతితోనే చేసేవాళ్లం. ఒక డీఎన్‌ఏ అక్షరాలు పైన అడ్డంగా, రెండోదానివి పక్కన నిలువుగా రాసి, ఒక్కో గడీ నింపడం. ఎక్కడ కలిశాయో, ఎక్కడ అక్షరాలు ఎగిరిపోయాయో ఆ గళ్లలో తేలేది. మూల గళ్లు దండగే అనేదాన్ని. నోరు మూసుకుని నింపవే అనేది అక్క. ప్రోగ్రామ్ కూడా అలాగే రాశాం, అన్ని గళ్లూ నింపేలా. ఒక్క శాంపిల్‌కి రెండు రోజులు. ఆ రెండు రోజులూ టీలు, కబుర్లు, పోట్లాటలు. అబ్బ, ఎంత బాగుండేదో!

కలిసే చోట్లు మామూలుగా పై మూల నుంచి కింది మూలకు పోయే ఐమూల గీత మీదే పడతాయి. నేను రాసిన కొత్తది ఆ గీతకు అటూ ఇటూ యాభై గళ్లే చూస్తుంది. పదకొండు నిమిషాల్లో పని ముగిస్తుంది.

జూన్ 4
అక్క రిపోర్ట్ క్లీన్! అమ్మను నలభై ఏడేళ్లకే తీసుకుపోయిన గుండె జబ్బు తెచ్చే జీన్ లోపం తనలో లేదని నా ప్రోగ్రామే తేల్చింది. ఫోన్‌లో చెబితే అక్క చిన్నపిల్లలా కేక పెట్టింది. డాక్టర్ అపాయింట్‌మెంట్ కాన్సిల్ చేస్తానంది. భయంతో ఇన్నాళ్లూ మానుకున్న ఈత క్లాసులో శనివారమే చేరుతుందట.

జూన్ 5, ఉదయం
పాతదానికి చివరిసారి ఏదైనా పని ఇవ్వాలనిపించింది. ఊరికే, ముచ్చట తీరడానికి. అక్క శాంపిలే ఇచ్చాను. చాదస్తం అని బాస్ నవ్వాడు.

జూన్ 6
ఇంకా నడుస్తోంది. ముసలిదానికి ఆయాసం.

జూన్ 7, మధ్యాహ్నం
పాతది క్లీన్ అనలేదు. ఆ జీన్‌కు అక్కలో ఉన్న రెండు కాపీల్లో ఒకదాంట్లో రెండు వందల పన్నెండు అక్షరాలు లేవు. అమ్మ జబ్బు రావడానికి ఒక్క కాపీ పాడైతే చాలు. అంత ఖాళీ వస్తే కలిసే చోటు యాభై గళ్లు దాటి మూలకు జరిగిపోతుంది. అక్కడ నాది చూడనే చూడదు. ఎక్కడా అతకని డీఎన్‌ఏ ముక్కల్ని చెత్త కింద పారేయమని రాసిందీ నేనే. రెండో కాపీ బాగుంది కాబట్టి క్లీన్ అని చెప్పేసింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది. కొత్తదాన్ని ఆపించాను. అది ఇచ్చిన రిపోర్టులన్నీ మళ్లీ చూడాలి.

రేపే ఈత క్లాసు. అక్కకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?

సాయంత్రం
చెప్పాను. ఎన్ని అక్షరాలు పోయాయే అని అడిగింది అక్క. చెప్పాను. అయితే మనది పట్టేసిందన్నమాట, అని గర్వంగా నవ్వింది. నేను బావురుమన్నాను.