దడి ముఖం ఎటువైపు?

భేస్తాన్,
సోమవారం.

చిరంజీవి పరమేశ్‌కు,

నీకు ఓనమాలు దిద్దించిన లింగమూర్తి మాస్టారి ఆశీస్సులు.

జారిపడి, కాలికి సిమెంటు కట్టు వేయించుకుని, మూడు వారాలుగా వరండా కుర్చీకి అంకితమై ఉన్నాను. ఎదురుగా నా చిన్న తోట: నాలుగు బంతి మొక్కలు, ఒక బచ్చలి తీగ, గోంగూర మడి. రక్షణగా పాత దోమతెర కట్టించాను. వీధిలోని మేకలు మొక్కలతో పాటు దానినీ రుచి చూశాయి. క్రితంసారి వచ్చినప్పుడు మా వియ్యంకులు దశరథం గారు, "ఏం బావా, చెట్లకు గూడ మలేరియా వస్తదా?" అని నలుగురిలో అన్నారు. ఆయన ఈ ఆదివారం మళ్లీ వస్తున్నారు. ఈలోగా నాకు చూడముచ్చటైన దడి కావాలి. నా పింఛనుకు మాత్రం నొప్పి కలుగరాదు.

మగ్గాల కార్ఖానాలో రాత్రి పాళీ ముగించుకుని ఉదయం నీవు వచ్చే వేళకు మాత్రల మత్తులో నిద్రిస్తుంటాను. కనుక చెప్పదలచినది గేటుకున్న పాలసంచిలో ఉత్తరంగా ఉంచు. వాట్సాప్ వద్దు. అందులో వాక్యం పూర్తి కాకముందే బొటనవేలి బొమ్మ వస్తుంది.

శుభం కోరే,
లింగమూర్తి

తా.క. దోమతెరలో మిగిలిన ముక్కను నా భార్య పద్మారాణి పిండి జల్లించడానికి తీసుకున్నది. ఇక వెనుకకు పోయే దారి లేదు.

*

ఉధ్నా,
మంగళారం.

సార్‌కు పరమేశ్ దండం పెట్టి రాసేది,

మీరు రంది పెట్టుకోకుండ్రి. కడుతున్న బిల్డింగు కాడ మిగిలిన వెదురు బొంగులు అడుక్కొచ్చిన. మా కార్ఖానల చీరల అంచులు కోసినంక పట్టీలు కుప్పలు కుప్పలు పడుతయి. సేఠ్‌ను అడిగితే "లే జా, జగా ఖాళీ హోగీ", తీస్కపో, జాగ ఖాళీ అయితది అన్నడు. వెదురు పడుగు, పట్టీలు పేక. దడి కట్టుడు కాదు సార్, నేసుడే. నారింజ, నెమలిపచ్చ, నడుమ జరీ తళుకు, బంతిపువ్వు డిజైన్. మీ తోటల కూసోనే తడక తడక నేసి నిలవెడుత.

మీ పరమేశ్

తా.క. తెల్వక గోంగూర మడిల కూసున్న. జర నలిగింది. నలిగినంత ఇంటికి తీస్కపోతున్న.

*

భేస్తాన్,
గురువారం.

చిరంజీవి పరమేశ్‌కు,

నీ ఉత్తరంలో పదకొండు తప్పులున్నాయి. ఎర్ర సిరాతో దిద్ది జతపరిచాను. పన్నెండవ తప్పు నా తోటలో నిలబడి ఉన్నది.

ప్రతి బొంగుకూ ముడి. ప్రతి ముడికీ తోక. నీవు చెప్పిన బంతిపువ్వు ఏది? గొర్రెల మంద నాకు వీపు తిప్పి నిలుచున్నట్లున్నది. పద్మారాణి కూరగాయలకు పోయి వస్తూ చూసి, "మంచిగనే ఉన్నది" అన్నది. నా పద్యాల గురించి కూడా ముప్పై ఏళ్లుగా ఆమె అదే మాట అంటున్నది.

దిగులుతో,
లింగమూర్తి

తా.క. దశరథం గారు రావడానికి మూడు రోజులే గడువు.

*

ఉధ్నా,
శుక్కురారం పొద్దుగాల.

సార్‌కు,

ఏం తక్కువైంది సార్? గల్లీల ఆడోళ్లు ఆగి ఆగి చూస్తున్నరు. ఒక గుజరాతీ బెన్ "బహు సరస్ ఛే", శాన మంచిగున్నది అనుకుంట ఫోటో గూడ కొట్టుకున్నది.

మీ పరమేశ్

తా.క. మేక గూడ వచ్చింది. జరసేపు చూసి, నోరు మూసుకోని పోయింది. నా పనికి గింత ఇజ్జత్ ఇప్పటిదాంక ఎవ్వలియ్యలే.

*

భేస్తాన్,
శుక్రవారం సాయంత్రం.

పరమేశ్‌కు,

ఫోటోలా! ఇంటింటా నవ్వుకోవడానికి తీసుకుంటున్నారు, నాయనా. నా మర్యాద ఇప్పుడు ఎన్ని ఫోన్లలో వేలాడుతున్నదో! రేపు ఉదయమే దానిని తోకలతో సహా విప్పివేయి.

ఖిన్నుడైన,
లింగమూర్తి

తా.క. పద్మారాణిని దోమతెర తిరిగి అడగబోతున్నాను. నా కష్టం నీకు అర్థం కావాలంటే నీకూ పెళ్లయి ముప్పై ఏళ్లు గడవాలి.

*

ఉధ్నా,
శనారం.

సార్‌కు,

ఇప్పుడు సమజైంది! పొద్దుగాల మీరు లోపల పండుకున్నప్పుడు మీ కుర్చీల ఓసారి కూసోని చూసిన. మీరు చూస్తున్నది దడి వీపు సార్!

మా మగ్గం మీద పువ్వుల చీర ఉల్టానే నేస్తం. ముడులు నేసెటోని దిక్కు, మొఖం అవుతలి దిక్కు. ఇరువై ఏండ్ల అలవాటు. నేను తోటల కూసోని నేసిన గద, మొఖం గల్లీ దిక్కు పోయింది. కొనెటోడు ఎప్పుడు అవుతలనే ఉంటడు. మీరు ఇవుతల కూసుంటరని యాదికి రాలే. ఇప్పలేదు. తడకలన్నీ మలిపి కట్టిన. లేచి చూడుండ్రి.

మీ పరమేశ్

తా.క. దడి మంచిగున్నదని అమ్మ అన్నది నిజమే గద. మరి మీ పద్యాలు గూడ మంచిగనే ఉన్నయేమో సార్!

*

భేస్తాన్,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి పరమేశ్‌కు,

నిన్న కళ్లు తెరిచి కుర్చీలో కూర్చునేసరికి ఎదురుగా బంతిపూల తోరణం. చూస్తూ చూస్తూ రెండు కప్పుల టీ చల్లార్చుకున్నాను. ఆ ఆనందంలో ఒక విషయం మరిచాను. వియ్యంకులు ఆకాశం నుంచి దిగరు, వీధిలో నుంచే వస్తారు.

ఈ ఉదయం కర్ర పట్టుకుని గేటు దాకా కుంటుకుంటూ పోయాను. దశరథం గారు అప్పటికే నీ ముడుల ముందు నిలబడి ఉన్నారు. ఆయన ఒక తోకను వేళ్లతో నిమిరి, "అబ్బ! పెద్ద హోటళ్ల తెరలకు గిసువంటి కుచ్చులే ఉంటయి. ఏడ దొరికింది బావా?" అన్నారు. తరువాత లోపలికి వచ్చి, పువ్వులు చూసి, ముక్కు మీద వేలు వేసుకున్నారు. "ఓయమ్మ! దడికి లోపలి దిక్కు అస్తరు గూడ ఏయించినవా!"

సరిదిద్దుదామని నోరు తెరిచాను. తెరిచిన నోట్లో పద్మారాణి లడ్డూ పెట్టింది. ముప్పై నాలుగేళ్ల ఉపాధ్యాయ వృత్తిలో ఒక తప్పును దిద్దకుండా విడిచిపెట్టడం ఇదే ప్రథమం. ఎంత హాయిగా ఉన్నదో!

నేసేవానికి ముడులే కనబడతాయని రాశావు. ఆ మాట నన్ను వదలడం లేదు. రేపు పాళీ కాగానే వచ్చి, ఈ ఉత్తరం చదివిన వెంటనే నన్ను నిద్ర లేపు. నా కుర్చీలో నీవు కూర్చో. టీ తాగుతూ నీ పువ్వులను నీవు తీరికగా చూసుకో. నేను పక్కన స్టూలు వేసుకుంటాను.

నీ పనికి నూటికి నూరు మార్కులు వేస్తూ,
లింగమూర్తి

తా.క. దశరథం గారు కోసాడ్‌లోని తమ ఇంటికీ ఒక దడి నేయమన్నారు. తోకలు ఇంకా పొడుగ్గా ఉండాలట. అస్తరు అక్కరలేదట.